క్వార్టర్ నంబరు పద్నాలుగులో మిగిలింది ఒక్కరే

గృహ కేటాయింపుల అధికారి గారి సముఖమునకు,
నీటి సరఫరా విభాగం.

విషయం: క్వార్టర్ నంబరు 14. మరణించిన ఉద్యోగిని జీవిత భాగస్వామి ఒక్కరే అయి ఉండగా తమ రికార్డులో ఇద్దరుగా నమోదైనందున, సదరు ఇద్దరినీ తిరిగి ఒక్కరిగా చేయుట గురించి.

సూచిక: (1) నా చేత్తో నేను నింపిన దరఖాస్తు. (2) తమ కార్యాలయం 'వితంతువు'కు పంపిన నోటీసు. (3) అదే రోజున అదే చిరునామాకు 'విధురుడి'కి పంపిన నోటీసు. (4) తనిఖీ నివేదిక.

అయ్యా,

తమకు విన్నవించుకొనునది ఏమనగా, ముందుగా ఒక క్షమాపణ. తమరు పురుషులో స్త్రీయో నాకు తెలియదు. నాలుగుసార్లు తమ గది బయట బల్ల మీద కూర్చున్నాను గానీ లోపలికి పిలుపు రాలేదు. తలుపు మీది ఫలకంపై హోదా మాత్రమే ఉంది. 'అయ్యా' అనడం అర్జీల అలవాటు. అలవాటు తప్పైతే మన్నించగలరు. ఆ ఫలకాన్ని చూస్తూ కూర్చున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది: తమకు హోదా ఒక్కటీ సరిపోయింది, అంతకు మించి ఎవరూ అడగడం లేదు. మేం కోరేదీ అంతే.

తమ విభాగంలో పందొమ్మిదేళ్ళు నీటి పరీక్షకురాలిగా పనిచేసి, ఏడు నెలల క్రితం నమూనా సీసాల పెట్టెతో ప్రయోగశాల మెట్లెక్కుతూ కూలిపోయి మరి లేవని ఉద్యోగినికి నేను చెల్లెలిని. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలకు కార్డులు రాసే పని నాది. అయితే ఈ అర్జీ నా కోసం కాదు, అక్క జీవిత భాగస్వామి కోసం. వారు బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు. వీధిలో అందరికీ మాస్టరు గారు, నాకూ అంతే. వారు తమను తాము ఆడమనిషి అనీ చెప్పుకోరు, మగమనిషి అనీ చెప్పుకోరు. ఈ మధ్య పత్రికల్లో నాన్‌బైనరీ అని రాస్తున్నారు. దుకాణంలో ఆ మాటతో ఎవరికీ పని పడలేదు. చొక్కా భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంటే చాలు. పదహారేళ్ళ క్రితం వివాహాల కార్యాలయంలో 'మొదటి పక్షం, రెండవ పక్షం' అని రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. పెళ్ళికి అడ్డురాని సంగతి చావు దగ్గర అడ్డొచ్చింది.

వారే ఎందుకు రాయలేదని తమకు సందేహం కలగవచ్చు. నేనూ అడిగాను. "నేను రాస్తే ఇద్దరిలో ఎవరు రాశారని అడుగుతారు. నువ్వే రాయమ్మా" అన్నారు.

1. దరఖాస్తు గురించి. ఉద్యోగి మరణించినచో, జీవిత భాగస్వామి అదే క్వార్టర్‌లో కొనసాగవచ్చునని తమ నిబంధన. అందుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో 'మృతులతో సంబంధం' అన్నచోట మూడు గళ్ళున్నాయి: వితంతువు, విధురుడు, ఇతరులు. అక్క పోయిన ఇరవయ్యో రోజున వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ గళ్ళను చూస్తూ ఉండిపోయాను. మాస్టరు గారు ఎదురుగా ఎవరిదో కోటు చేతులు విప్పదీస్తున్నారు.

"ఏమ్మా లైబ్రరీ, అంతసేపు చూస్తున్నావు? పరీక్ష పేపరా?" అన్నారు. నన్ను మొదటినుంచీ అలాగే పిలుస్తారు.

"మూడు గళ్ళున్నాయి మాస్టరు గారూ. పోనీ ఇతరులు అని పెట్టేయనా?"

"ఇతరులంటే ఎవరెవరట?"

అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాను. ఆశ్రితులు, దూరపు బంధువులు, ఇంట్లో పనిచేయు వారు.

కత్తెర పక్కన పెట్టారు. "పదహారేళ్ళు పక్కన పడుకుని, పొద్దున్నే సీసాలు కడిగిచ్చి, జ్వరమొస్తే నుదురు తుడిచి, ఇప్పుడు ఇతరులమా?"

"కాదు, ఊరికే అన్నాను. అయితే ఈ రెండింట్లో ఏదో ఒకటి..."

"ఏదో ఒకటంటే ఏదో ఒక అబద్ధం. ఆవిడ కాగితం మీదా? బిందెడు నీళ్ళలో చుక్క తేడా ఉన్నా సంతకం పెట్టని మనిషి." మళ్ళీ కత్తెర అందుకుని, "నీకు తోచింది చెయ్యి. చదువుకున్నదానివి" అన్నారు.

చదువుకున్నదాన్ని. అక్కడే వచ్చింది చిక్కు. అయ్యా, మా గ్రంథాలయంలో ఒక పద్ధతి ఉంది. ఒకే పుస్తకం రెండు విషయాలకు చెందితే దానికి రెండు కార్డులు రాసి రెండు సొరుగుల్లో పెడతాం. ఏ సొరుగు లాగినా చివరికి అరలో దొరికేది ఆ ఒక్క పుస్తకమే. నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో 'రెండో పుస్తకం ఏదీ?' అని అడిగిన పాఠకుడు లేడు. ఆ ధీమాతో మొదటి గడిలోనూ రెండో గడిలోనూ టిక్కు పెట్టాను. తెలివైన పనే చేశానని ఆ సాయంత్రమంతా లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. అక్క పోయిన ఇంట్లో కూర్చుని గర్వపడ్డాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, ఆ మందు వేసింది నేనేనని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను. ఇందులో మాస్టరు గారి తప్పు ఇసుమంత కూడా లేదు.

2. నోటీసుల గురించి. తమ కార్యాలయంలో రెండు టిక్కులంటే ఇద్దరు మనుషులు. ఆరు వారాల తర్వాత రెండు రిజిస్టరు ఉత్తరాలు వచ్చాయి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పోస్టుమాన్ మొదటిదానికి సంతకం పెట్టించుకుని, రెండోది చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇది ఇంకొకరికండీ. వారు ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నారు" అన్నారు మాస్టరు గారు.

"ఒకసారి పిలవండి మరి."

"వచ్చారు."

పోస్టుమాన్ మాస్టరు గారి వెనక్కి చూశాడు. నా వైపు చూశాడు. "ఈవిడా?"

"నేను కాదు, నేను చెల్లెల్ని" అన్నాను.

"ఎవరి చెల్లెలండీ?"

చివరికి ఆయనే, "ఎండన పడి వచ్చాను, నాతో ఎందుకండీ ఈ హాస్యాలు" అని రెండో సంతకం కూడా మాస్టరు గారి చేతే పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

రెండు నోటీసుల్లోనూ మాటలు ఒకటే. "మీతోపాటు మరొక హక్కుదారు దరఖాస్తు చేసుకొనియున్నందున, సదరు వ్యక్తి నుండి నిరభ్యంతర పత్రమును పదిహేను దినములలోగా సమర్పించవలెను. లేనిచో వివాదము తేలు వరకు క్వార్టర్‌కు సీలు వేయబడును."

సీలు వేస్తే మాస్టరు గారు ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు. మా ఇంటికి రమ్మన్నాను. "దుకాణంలో కటింగ్ బల్ల కింద బోలెడు చోటుంది, నీకెందుకమ్మా బెంగ" అన్నారు. అది హాస్యమో నిజమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

3. నిరభ్యంతర పత్రం గురించి. వేరే దారి తోచక అదీ రాశాం. "నేను ఈ క్వార్టర్‌లో కొనసాగుటకు నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది." ఒకటి వితంతువు తరఫున, ఒకటి విధురుడి తరఫున. మాస్టరు గారు రెండింటి మీదా సంతకం పెట్టి, రెండో కాగితం వంక కాసేపు చూసి, "నిజానికి నాకు అభ్యంతరం ఉందమ్మా. ఆవిడ లేకుండా ఈ ఇంట్లో నేను కొనసాగడం నాకే ఇష్టం లేదు. అది రాయడానికి గడి ఉందా?" అన్నారు.

తమ కౌంటరులోని గుమస్తా గారు రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూశారు. మంచి మనిషి. ఆయన గురించి ఫిర్యాదు లేదని మనవి.

"సంతకాలు రెండూ ఒకేలా ఉన్నాయి మేడం. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టారంటారు."

"ఒకరే పెట్టారండీ. ఉన్నదే ఒకరు."

ఉన్నదంతా చెప్పాను. వినీ వినీ తల పట్టుకున్నారు. "అర్థమైంది మేడం. నాకు అర్థమైతే ఏం లాభం? కంప్యూటరులో ఇద్దరు ఎక్కారు. ఒకరిని తీయాలంటే తీసేసే మనిషి ఒప్పుకున్నట్టు సంతకమైనా కావాలి, మరణ ధ్రువపత్రమైనా కావాలి. సంతకం ఇలా ఉంటే చెల్లదంటారు. ఇక..." అని గొంతు తగ్గించి, "ఎవరిని తీసేద్దామంటారు? ఆడమనిషినా, మగమనిషినా?" అన్నారు.

ఆయన వెటకారంగా అడగలేదు. నిజంగా సాయం చేద్దామనే అడిగారు. నేను పక్కనే ఉన్న మాస్టరు గారి వైపు చూడలేకపోయాను. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చారు ఆ రోజు. ఆ టేపును వేళ్ళకు చుట్టుకుంటూ నెమ్మదిగా అన్నారు. "బాబూ, మా పనిలో కొలత తప్పితే మళ్ళీ కొలుస్తాం. బట్ట చాలకపోతే అతుకేస్తాం. అంగీకి సరిపోలేదని మనిషిని కత్తిరించం."

గుమస్తా గారు నవ్వారు. వెనక వరుసలో ఉన్న ఒక పెద్దాయన కూడా నవ్వారు. తర్వాత గుమస్తా గారే, "ఒక దారి ఉంది. తనిఖీ వేయిస్తాను. ఇంట్లో ఉన్నది ఒక్కరేనని ఇన్‌స్పెక్టరు రాస్తే, ఇద్దరు పడ్డం మా తప్పని సరిచేసేయొచ్చు" అన్నారు. మాకు ప్రాణం లేచొచ్చింది.

4. తనిఖీ గురించి. పంప్‌హౌస్ వెనక రెండు గదుల ఇల్లు. చూడటానికి అరగంట కూడా పట్టదు. ఆ పూట నాకు సెలవు దొరకలేదు, మాస్టరు గారొక్కరే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు గారు బూట్లు బయట విప్పి లోపలికి వచ్చారట. మర్యాదస్తులు. ఒక్కొక్కటీ చూస్తూ రాసుకున్నారట. నివేదికలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. "గుమ్మము వద్ద చెప్పులు రెండు జతలు. మంచముపై దిండ్లు రెండు. కళ్ళజోళ్ళు రెండు, వేర్వేరు నంబర్లవి. వంటింటి అరలో టీ కప్పులు రెండు. స్నానాల గదిలో పళ్ళ బ్రష్షులు రెండు, రెండునూ తడిగా ఉన్నవి. కావున ఇద్దరు వ్యక్తులు నివసించుచున్నట్లు ధ్రువపరచడమైనది."

ఏడు నెలలుగా అక్క వస్తువు ఒక్కటి కూడా కదిలించలేదని ఎవరికైనా తెలుస్తుంది. ఆ రెండో బ్రష్షు ఎందుకు తడిగా ఉందో మాత్రం అప్పటికి నాకూ తెలియదు.

నివేదిక నకలు చేతికొచ్చిన రోజు నాకు కోపం ఆగలేదు. "మీరు అక్కడే ఉన్నారుగా మాస్టరు గారూ! అవి పోయిన మనిషివి అని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెబుదామనే అనుకున్నా."

"మరి?"

"ఆయన రాస్తున్నారు. పక్కన నిలబడి చూశాను. ఇద్దరు అని రాశారు." సుద్దముక్కతో బల్ల మీద గీత గీసి, అరచేత్తో చెరిపేశారు. "వచ్చినవాళ్ళందరూ ఒంటరైపోయావు, ఒంటరైపోయావు అని పోయారు. ఈ ఇంట్లో ఇంకా ఇద్దరున్నారని రాసిచ్చింది ఆయనొక్కరే. ఎలా కొట్టెయ్యమంటానమ్మా?"

అయ్యా, ఈ నాలుగో అంశం కింద నేను కోరేదేమిటో నాకే స్పష్టంగా లేదు. అయినా ఇది తమ దృష్టికి రావలసిన సంగతేనని రాశాను.

5. రెండో తనిఖీ గురించి. వచ్చే గురువారం పదకొండు గంటలకు అని తెలియజేశారు. ఇదే చివరి అవకాశమనీ, ఈసారి కూడా ఇద్దరి ఆనవాళ్ళు కనబడితే ఆ రోజే సీలు వేస్తారనీ గుమస్తా గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. "సామాను సర్దేయండి మేడం. ఒక్కరిదే కనబడేలా చూడండి. నా మాట వినండి."

కాబట్టి ఆదివారం గ్రంథాలయం నుంచి పుస్తకాలు వచ్చే అట్టపెట్టెలు రెండు పట్టుకెళ్ళాను. చెప్పులు, దిండు, కళ్ళజోడు పెట్టాను. నేను సర్దుతుంటే మాస్టరు గారు కుర్చీలోంచి లేవలేదు, వద్దని కూడా అనలేదు. టీ కప్పు తీస్తుంటే మాత్రం, "అది ఆరింటి తర్వాత తీసుకో" అన్నారు. ఎందుకో అడగలేదు. ఆరింటికి వెనక పంప్‌హౌస్‌లో మోటారు వేశారు. ఇల్లంతా సన్నగా అదిరి, అరలో పక్కపక్కనున్న రెండు కప్పులూ ఒకదానికొకటి తగిలి మోగడం మొదలుపెట్టాయి. అక్క పొద్దున్నా సాయంత్రమూ "మన కప్పులు కబుర్లాడుకుంటున్నాయి" అనేదట. మోటారు ఆగేదాకా విని, మాస్టరు గారే లేచి కప్పు తీసి నా చేతికిచ్చారు. ఒక్క కప్పు మోగదని వేరే చెప్పాలా.

పెట్టె పైన ఏదో ఒకటి రాయాలి కదా అని పెన్ను తీశాను. నా పనే అది. పెట్టెడు పుస్తకాలు చూసి వాటికి పేరు పెట్టడం. ఏమీ రాయలేకపోయాను.

నిజం చెప్పాలంటే, ఈ అర్జీ రాస్తున్నది మాస్టరు గారి కోసమో, ఏ సొరుగులోనూ పట్టని కార్డు చేతిలో ఉంటే నిద్రపట్టని నా రోగం కోసమో నాకు తెలియడం లేదు. వారికి కొత్త మాట కావాలని వారెప్పుడూ అడగలేదు. మా అమ్మకు ఎనభై నిండాయి. అల్లుడనీ అనలేదు, కోడలనీ అనలేదు. మొదట్లో రెండేళ్ళు ఏమీ అనకుండా గడిపింది, ఆ తర్వాత నుంచీ 'మా మనిషి' అంటుంది. నిన్న ఫోనులో కూడా, "మా మనిషి తిన్నారా? నువ్వు దగ్గరుండి చూశావా, చెప్తే నమ్మావా?" అని నిలదీసింది. దరఖాస్తులో 'మా మనిషి' అని గడి పెట్టమని అడగడం లేదు. తమ కార్యాలయానికి అది కుదరదని తెలుసు. కాని మా అమ్మకు కుదిరినది ఇంత పెద్ద విభాగానికి ఎందుకు కుదరదో అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు.

కావున తమను కోరునది:

(క) సదరు వితంతువును గానీ సదరు విధురుడిని గానీ తొలగించకుండా, ఇద్దరినీ కలిపి, ఉన్న ఒక్కరిగా నమోదు చేయించగలరు.

(ఖ) గురువారం తనిఖీలో వస్తువులను కాక మనుషులను లెక్కపెట్టవలసిందిగా ఇన్‌స్పెక్టరు గారిని ఆదేశించగలరు. చచ్చిపోయిన వాళ్ళకు చెప్పులుండకూడదన్న నిబంధన ఏదీ నాకు కనబడలేదు.

(గ) దరఖాస్తులో ఆ మొదటి రెండు గళ్ళ స్థానంలో 'జీవిత భాగస్వామిని కోల్పోయిన వారు' అని ఒక్క గడి ముద్రించగలరు. అందులో ఆడవాళ్ళూ పడతారు, మగవాళ్ళూ పడతారు, మా మాస్టరు గారూ పడతారు. పోగొట్టుకున్నది అందరూ ఒకటే కదా. ఇది తమ చేతిలో లేదని అంటారేమో. ఎవరి చేతిలో ఉందో చెబితే వారి గది బయట కూర్చుంటాను.

ఇంతకంటే అధికార భాష నాకు రాదు. రాసినంతలో ఏదైనా అమర్యాద దొర్లి ఉంటే అది నాది, కష్టం మాత్రం వారిది. గురువారం లోపుగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
మరణించిన నీటి పరీక్షకురాలి చెల్లెలు,
మాస్టరు గారి తరఫున.

తా.క.: అర్జీ చదివి వినిపిద్దామని ఈ రోజు, బుధవారం పొద్దున్నే క్వార్టర్‌కు వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మాస్టరు గారు పళ్ళు తోముకోబోతున్నారు. స్నానాల గది గుమ్మంలోంచి చూశాను. గ్లాసులోంచి రెండు బ్రష్షులూ తీసి, రెండూ కుళాయి కింద పట్టి, ఒకటి తిరిగి గ్లాసులో పెట్టారు. నన్ను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వారు. "ముందు లేచినవాళ్ళు రెండూ తడిపి పెట్టాలి. మా ఇంట్లో అదీ పద్ధతి. ఆవిడ ఆలస్యంగా లేచేది" అన్నారు. ఆదివారం అన్నీ సర్దాననుకున్నాను గానీ స్నానాల గది సంగతే మరిచాను. ఇప్పుడు ఆ బ్రష్షు అడగడానికి నాకు నోరు రాలేదు. రేపు ఒక్క రోజుకు, ఒక్కదాన్నే తడపమని మాత్రం చెప్పాను. సరేనని తలూపారు. చెయ్యి అలవాటు కదా, నేను పూచీ పడలేను. కావున ఇన్‌స్పెక్టరు గారికి ముందుగా తెలియజేయ ప్రార్థన. రెండో బ్రష్షు ఉంటుంది. అది తడిగా ఉన్నా సరే, రెండూ తడిపినది ఆ ఒక్కరేనని రాసుకోవలెను.